నలభై ఏడో పేజీ

అచ్చుకు వెళ్లబోయే పుస్తకం ప్రూఫులో నలభై ఏడో పేజీ దగ్గర డాక్టర్ దమయంతి చెయ్యి ఆగిపోయింది. 'తలకు తగిలిన దెబ్బను లెక్కచేయకుండా కోడీ మళ్లీ మంచు మీదికి దిగాడు. గెలుపు గోలు కొట్టాడు. ఇదీ మన ఊరి పౌరుషం!' పక్కన కప్పు ఎత్తి పట్టుకుని నవ్వుతున్న కోచ్ గ్యారీ ఫొటో.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మినెసోటా ఉత్తరాన వార్డెన్ లేక్ చిన్న ఊరు. డెబ్బై ఐదేళ్ల కిందట పేపర్ మిల్లు కార్మికులు షిఫ్టు దిగాక ఆడుకోవడానికి ఐస్ హాకీ జట్టు పెట్టుకున్నారు. మిల్లు మూతపడింది, జట్టు మిగిలింది. వడ్రంగులు, ట్రక్ డ్రైవర్లు, స్కూల్ టీచర్లు, పెళ్లయి పిల్లలున్న మగవాళ్లు ఆడతారు. ఆట ఉన్న రోజు సగం ఊరు అక్కడే ఉంటుంది. వీసా మీద ఆ ఊరి ఆసుపత్రికి వచ్చిన దమయంతి పదహారేళ్లుగా జట్టు డాక్టరు. అందుకే డెబ్బై ఐదేళ్ల పండగకు వేస్తున్న జట్టు చరిత్ర పుస్తకంలో తప్పులుంటే చూడమని ఆమెకు పంపారు.

తప్పు ఏమిటో ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు? పదమూడేళ్ల కిందటి ఫైనల్లో కోడీ తల మంచు చుట్టూ ఉన్న గోడకు కొట్టుకుంది. బెంచీ మీద వాంతి చేసుకున్నాడు. స్కోరెంతని ఒక్క నిమిషంలో మూడుసార్లు అడిగాడు. ఇక ఆడకూడదని ఆమె గట్టిగానే చెప్పింది. గ్యారీ ఆమె చెవి దగ్గరికి వంగి, "ఎనిమిది నిమిషాలే, డాక్టర్. మీ గ్రీన్‌కార్డ్ కాగితాలు మా బోర్డు ముందే ఉన్నాయి కదా?" అన్నాడు. అతను ఆసుపత్రి బోర్డు చైర్మన్ కూడా. దమయంతి మంచు మీదికి వెళ్లే గేటుకు అడ్డు తప్పుకుంది. కోడీ గోలు కొట్టాడు. చివరి నిమిషంలో మళ్లీ పడ్డాడు. మెదడులో రక్తస్రావమైంది. ఇప్పుడతనికి చొక్కా బొత్తాలు భార్య మెగ్ పెట్టాలి.

"ఇప్పుడెందుకు కెలకడం? గ్రీన్‌కార్డ్ వచ్చేసింది, ఇల్లు కొనుక్కున్నాం, పీస్‌ఫుల్‌గా ఉన్నాం కదా," అన్నాడు భర్త లక్ష్మీపతి లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే.

"మీరున్నారేమో. నేను లేను."

"రిటైర్ అయినా గ్యారీకి ఊళ్లో ఎంత ఇన్‌ఫ్లుయెన్స్ ఉందో తెలుసుగా?"

"తెలుసు కాబట్టేగా అప్పుడు నోరు మూసుకున్నాను! ఇంకా ఎన్నాళ్లు మూసుకోమంటారు?"

ఆమె ఆ పేజీ కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాసి పంపింది. పుస్తకం వేస్తున్న కమిటీ పాత పేజీలో ఒక్క ముక్క మార్చలేదు. పండగ పుస్తకంలో ఇలాంటివి ఎందుకని జవాబిచ్చింది.

దమయంతి తాను రాసిన కాగితం పట్టుకుని మెగ్ వాళ్లింటికి వెళ్లింది. మెగ్ గుమ్మంలోనే నిలబడి రెండుసార్లు చదివింది. ఆమె ముఖం ఎర్రగా కందిపోయింది.

"ఆడొద్దని మీరు చెప్పారా? తనే మొండికేశాడని జట్టువాళ్లు నాకు చెప్పారు. పదమూడేళ్లు ఆయన్నే తిట్టుకున్నాను, డాక్టర్. మందులు రాసివ్వడానికి నెలనెలా వస్తారే, ఒక్కసారైనా నోరు పెగల్లేదా?"

దమయంతి తల దించుకుంది. "భయపడ్డాను," అంది.

"నేను క్షమించను."

"అడగడానికి రాలేదు. ఇది విందులో ఊరందరికీ పంచాలి."

మెగ్ ఆమెను కొట్టేసేలా చూసింది. ఆ తర్వాత, "ఎన్ని కాపీలు కావాలి? చర్చిలో ప్రింటర్ ఉంది," అంది.

ఆదివారం మధ్యాహ్నం హైస్కూల్ హాల్లో డెబ్బై ఐదేళ్ల విందు. జనం రాకముందే ఇద్దరూ టేబుళ్ల మీద ఉన్న మూడువందల పుస్తకాల్లోనూ ఆ కాగితం పెట్టారు. సూప్ వడ్డించేసరికి అందరూ అదే చదువుతున్నారు. కొందరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. కొందరు నలిపి కింద పడేశారు. గ్యారీ కోపంతో ఊగిపోతూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఈ ఊరు నీకు అన్నం పెట్టింది!"

"నేను పనిచేసి తిన్నాను," అంది దమయంతి. గొంతు తగ్గించలేదు. "ఆ రోజు నా చెవిలో చెప్పింది ఇప్పుడు మైకులో చెప్పండి. వీళ్లందరూ వింటారు."

అతను మైకు వైపు వెళ్లలేదు. కోటు తీసుకుని వెళ్లిపోయాడు. అతని వెంట నాలుగు టేబుళ్లు ఖాళీ అయ్యాయి. మిగిలినవాళ్లు ప్లేట్లలోకి చూస్తూ కూర్చున్నారు. మెగ్ మాత్రం కోడీ నోటికి చెంచా అందిస్తూనే ఉంది.

వారం తిరక్కుండా దమయంతిని జట్టు డాక్టరుగా తీసేశారు. బజారులో పలకరింపులు తగ్గాయి. లక్ష్మీపతి ఎక్కడో దక్షిణాన, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే అల్ఫారెట్టాలో ఇళ్లు వెతకడం మొదలుపెడితే, తాను కదిలేది లేదని చెప్పేసింది.

ఊరి లైబ్రరీలో ఉన్న పుస్తకంలో లైబ్రేరియన్ ఆ కాగితాన్ని అంటించింది. పదిరోజుల్లో ఎవరో చింపేశారు. దమయంతి ఇంకోటి తెచ్చి ఇచ్చింది. అదీ పోయింది. మూడోసారి ఆమె జిగురు సీసా తనే పట్టుకుని వెళ్లింది.