పిట్ట ముట్టేదాకా

సోమలింగం పోయిన పదో రోజున పిట్టకు పెట్టాలి. పోయినవాడికి బతికుండగా ఏమేం ఇష్టమో అవన్నీ వండి, విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా కాచుకు కూర్చోవాలి. ముడితే తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలి ఇక్కడిక్కడే తిరుగుతున్నట్టు. కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి ఎన్నేళ్లయినా, లింబాయత్ గల్లీలో మరమగ్గాల చప్పుడు మధ్యనే బిడ్డను కని పెంచినా, మంగకు ఈ విషయంలో అనుమానమంటూ లేదు. మొగుణ్ని తృప్తిగా పంపాలి. అంతే.

మటన్ వండొచ్చు, గారెలు చెయ్యొచ్చు. చిక్కల్లా కల్లుతో వచ్చింది.

సోమలింగానికి కల్లంటే ప్రాణం. తాగుబోతు కాడు. అబ్బే, ఆ మాటంటే కళ్లు పోతాయి. ఏడాదికోసారి ఊరికి పోయినప్పుడు తాటివనంలో కూర్చుని కడుపునిండా తాగి, దారిన పోయేవాళ్లందరినీ బావా అని పిలుచుకుంటూ ఇంటికొచ్చేవాడు. నోట్లో పుండు లేచి, ఆ పుండు కాస్తా క్యాన్సరై మంచాన పడ్డాక, ఒక్క గుక్క కల్లు దొరుకుతుందా అని సైగ చేసి అడిగాడు. ఎక్కడ దొరుకుతుంది? గుజరాత్‌లో మందు బంద్. కల్లూ మందు కిందికే వస్తుంది. ఊళ్లో అదే కల్లుకు సర్కారు లైసెన్సు ఇచ్చి మరీ అమ్మిస్తుంది, ఇక్కడ అదే కల్లుకు జైల్లో పెడుతుంది. మంగ ఏదో ఒకటి చెప్పి మాట దాటేసింది. ఆ గుక్క పడకుండానే ఆయన పోయాడు.

ఆయన్ని తిన్నది మాత్రం గల్లీ చివర పాన్ డబ్బాలో ఎప్పుడు పడితే అప్పుడు దొరుకుతుంది. పాన్ మసాలా పొట్లం ఒకటి, తంబాకు పొట్లం ఒకటి. రెండూ అరచేతిలో కలిపి దవడకు పెట్టుకుంటే నైట్ పాళీ, అదే రాత్రి షిఫ్టు, అయిపోయేదాకా కన్ను మూతపడదు, మగ్గం మీద దారం తెగితే కనిపిస్తుంది. రెండూ కలిపి గుట్కా అని ఒకే పొట్లంలో అమ్మితే తప్పట, వేరువేరుగా అమ్మితే తప్పు కాదట! పైగా పొట్లం మీద కుళ్లిన నోటి బొమ్మ వేసి మరీ అమ్ముతారు. ఈ కాయిదా, ఈ చట్టం ఎవడు రాశాడో, రాసేటప్పుడు వాడి దవడలో ఏముందో అని మంగ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఎన్నోసార్లు తిట్టుకుంది.

"సూరత్ అవతల ఇచ్ఛాపూర్ కాడ మా దోస్తుకు ఎరుకున్నోళ్లున్నరు వదినా. ఒక సీసా తెప్పియ్యమంటవా?" అన్నాడు సోమలింగం తమ్ముడు కమలాకర్. కర్మ చేసేది అతనే. గుండు మీద చెయ్యి తిప్పుకుంటూ మెల్లగా అడిగాడు.

"దొరికితే నిన్ను లోపలేస్తరు. ఒక్కణ్ణి పోగొట్టుకున్నది సాలదా?" అంది మంగ.

అప్పుడు కూతురు హారతి నోరు విప్పింది. ఆ పిల్ల పుట్టింది ఇక్కడే, తెలుగూ హిందీ కలిపి వడ్డిస్తుంది. "మమ్మీ, నీరా తో మిల్తా హై నా! పొద్దుగాల సెంటర్ల బోర్డు వెట్టి అమ్ముతరు."

ఎంత మాట చెప్పింది పిల్ల! నీరా అన్నా అదే చెట్టు, అదే కుండ, అదే రసం. పొద్దెక్కకముందు తాగితే ఒంటికి మంచిదని చలికాలమంతా సర్కారు అనుమతితో అమ్ముతారు. ఎండ తగిలి పులిసిందో, అదే రసం నేరమైపోతుంది. ఈ రెంటికీ మధ్య మనిషి చేసే తప్పేమీ లేదు, ఎండ చేసేదే.

పదో రోజు తెల్లారుతుండగానే మంగ స్టీలు క్యాను పట్టుకుని సెంటర్‌కు పోయింది. తెచ్చిన నీరాకు పల్చటి గుడ్డ కట్టి డాబా మీద ఎండలో పెట్టింది. పుట్టింటి పక్కన కల్లు గీసే గౌండ్లవాళ్ల ఇళ్లుండేవి కాబట్టి ఈ మాత్రం ఆమెకు తెలుసు. మిట్టమధ్యాహ్నానికి నురగ పొంగి గుడ్డ తడిసింది. ఆ వాసనకు మంగకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

తాపీ నది ఒడ్డున విస్తరి పరిచారు. కులపెద్ద బిక్షపతి దగ్గరుండి అన్నీ పెట్టించాడు. అవతల గోడ మీద ఒక కాకి వాలింది, మెడ వంచి చూసింది, ఎగిరిపోయింది.

"సాక వొయ్యలే గద, ఎట్ల ముడుతది? కల్లు తేండ్రి," అన్నాడు బిక్షపతి.

మంగ క్యాను మీది గుడ్డ తీసిందో లేదో, వెనకాల మోటారుసైకిల్ ఆగింది. పోలీసు. కుడి దవడ నిండుగా ఉబ్బి ఉంది.

"ఏ శూ ఛే?" అన్నాడు, క్యాను వైపు చూపిస్తూ.

"నీరా సాబ్," అంది హారతి.

అతను వంగి వాసన చూశాడు. నీరా పొద్దున పూట సంగతి, ఇప్పుడిది తాడీ, తాడీ ఉంటే కేసు అన్నాడు. కమలాకర్ రెండడుగులు వెనక్కి వేశాడు. మంగకు మాత్రం ఒళ్లు మండింది.

"పొద్దున మీ బోర్డున్న సెంటర్ల కొన్న సాబ్. నేనేం కలపలే. ఎండ తగిలింది. కేసు వెడితే సూర్యుని మీద పెట్టున్రి," అంది.

హారతి అదంతా గుజరాతీలో చెప్పింది, ఆఖరి మాట మింగేసి. పోలీసు విస్తరి వైపు చూశాడు, కమలాకర్ గుండు చూశాడు. చెడ్డవాడేం కాదు. పక్కకు తిరిగి ఎర్రగా ఉమ్మి, "ఢోళీ నాఖో," అన్నాడు. ఇక్కడే, తన కళ్లముందే, చుక్క మిగలకుండా నేల మీద పారబోయాలన్నాడు.

బిక్షపతి మొహం వెలిగిపోయింది. సాక పొయ్యడమంటే మరేమిటి, నేలతల్లికి ధార పొయ్యడమే కదా! మంగ విస్తరి చుట్టూ తిరుగుతూ, మొగుడి పేరు తలుచుకుంటూ, క్యాను ఖాళీ అయ్యేదాకా పోసింది. పోలీసు తన డ్యూటీ సరిగ్గా జరిగిందని చూసుకుని వెళ్లిపోయాడు.

అయినా కాకి రాలేదు.

కడుపులు మాడుతున్నాయి, పిట్ట ముట్టందే ఎవరూ మెతుకు ముట్టకూడదు. "అన్నా, నీ బిడ్డను మేం సదివిస్తం, రంది వెట్టుకోకు," అని కమలాకర్ దండం పెట్టాడు. కాకి రాలేదు. బిక్షపతి తల గోక్కుని, "రోజు నోట్ల ఉండేదాన్ని మరిచిపోతిరి గదరా. తంబాకు పెట్టుండ్రి," అన్నాడు.

కమలాకర్ జేబులోంచి పొట్లం తీశాడు.

"పెట్టకు," అంది మంగ.

"అన్న తిరుగుతడు వదినా."

"తిరగనియ్యి! ఏమడిగినా ఇస్త, అది మాత్రం పెట్టనియ్య. ఆయన్ని మింగింది అదే."

"గిట్ల మాట్లాడితే ఎట్ల? ఇదేం బందున్న మాల్ కాదు గద. పోలీసోడే నములుకుంట పాయె."

మంగ మరో మాట అనబోయి ఆగింది. కమలాకర్ అన్న మాట కాదు, ఆ మాట వచ్చిన తీరు ఆమె చెవికి తగిలింది. పళ్లు విడకుండా, పెదవుల సందులోంచి జారినట్టు వచ్చింది. నిరుడు సోమలింగం సరిగ్గా ఇలాగే మాట్లాడటం మొదలుపెట్టాడు.

"నోరు తెరువు," అంది.

"ఏంది వదినా?"

"తెరువు. మూడు వేళ్లు నిలువుగ పెట్టు నోట్ల."

ఆస్పత్రికి పోయినప్పుడల్లా సోమలింగంతో డాక్టరు చేయించిన పరీక్ష అది. మూడు వేళ్లు పడితే ఫరవాలేదు. పడకపోతే తంబాకు లోపల పని మొదలుపెట్టినట్టే. కమలాకర్ నవ్వబోయాడు. వదిన మొహం చూసి మానేసి, దవడలోది ఉమ్మి, వేళ్లు పెట్టుకున్నాడు. రెండు పోయాయి. మూడోది పళ్ల దగ్గరే ఆగింది. ఇంకొంచెం తోశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ వేలు కదల్లేదు.

"ముట్టింది! ముట్టింది! సోమలింగం వొచ్చిండు!" బిక్షపతి అరిచాడు. కాకి విస్తట్లో మటన్ ముక్క చీలుస్తోంది. హారతి చేతులు జోడించింది. మంగ ఒక్క క్షణం అటు చూసింది. పొద్దుటి నుంచీ ఆమె ఎదురుచూసింది దానికోసమే, కానీ చూపు మళ్లీ మరిది మొహం మీదికే వచ్చేసింది.

"లే. బండి తియ్యి, దవాఖానకు పోదాం."

"అన్నం దిని పోదాం వదినా. పొద్దటి సంది ఎవ్వలు తినలే," అన్నాడు కమలాకర్.

"తెరుసుకునే నోరుంటే జన్మంత తినొచ్చు, లే," అని మంగ అతని చెయ్యి పట్టి లేపింది.