మబ్బు కింద లోయ

మా ఆవిడ సర్వే ఆఫీసులో పటాలు గీసేది. విమానం నుంచి తీసిన ఫొటోలు ముందు పెట్టుకుని, కిటికీ పక్క బల్ల మీద వంగి, ముప్ఫై ఏళ్లు కొండలకూ లోయలకూ ఎత్తు గీతలు గీసింది. వాటిలో ఒక్క కొండా ఎక్కలేదు. తను పోవడానికి రెండేళ్ల ముందు, ఇద్దరం రిటైరయ్యాక, పది రోజులకు ఒక క్యారవాన్ అద్దెకు తీసుకున్నాం. మంచం, పొయ్యి, మోకాళ్లు తగిలే బాత్రూమూ ఉన్న ఆ బండికి తను "నత్తగుల్ల" అని పేరు పెట్టింది.

దారిలో ఒక పాడుబడ్డ కోట చూశాం. గోడ సున్నంలో, అది తడిగా ఉన్నప్పుడు పడ్డ తాపీమేస్త్రీ వేళ్ల గుర్తులు అలాగే ఉన్నాయి. తను వాటిలో తన వేళ్లు పెట్టింది.

"సరిపోయాయండీ! ఇన్ని వందల ఏళ్లయినా," అంది గుసగుసగా, ఆయనెవరో నిద్రలేస్తాడన్నట్టు.

అయినా తను బయల్దేరింది కోట కోసం కాదు, చివరి మజిలీ అయిన లోయ కోసం. ఉద్యోగంలో చేరిన కొత్తలో గీసిన పటం అది. ఫొటోలో లోయ తూర్పు వైపు ఒక మబ్బు అడ్డం పడింది. మళ్లీ ఫొటో తీయించే తీరిక ఎవరికీ లేదు. "అటూ ఇటూ గీతలు కలిపెయ్యమ్మా," అన్నాడట పైఅధికారి. కలిపేసింది. మెత్తటి వాలుకు గీసినట్టు, ఎడం ఎడంగా.

"చీకట్లో బాణం వేశానండీ. నా గీత నమ్ముకుని ఎవరైనా అక్కడ దిగుంటే?" అనేది. నేను నూటొక్కసారి సర్దిచెప్పాను. నా మాటలకు ఊడే ముల్లు కాదది.

తొమ్మిదో రోజు సాయంత్రం చేరేసరికి లోయ నిండా పొగమంచు. పదో రోజు పొద్దునా అంతే. మధ్యాహ్నం బయల్దేరకపోతే రాత్రికి బండి అప్పగించలేం.

"మూడు రోజులుగా ఇంతేనమ్మా. రేపు చూడండి," అన్నాడు అక్కడి కాపలాదారు.

"మాకు రేపు లేదు బాబూ," అంది తను.

"నీ మబ్బు నీకోసం ఇన్నాళ్లూ ఇక్కడే కాచుక్కూర్చుందోయ్," అన్నాను.

"మీకు పరాచికాలుగా ఉంది!" అంది కానీ, పెదవి కొసన నవ్వు దాగలేదు.

కాపలాదారు తన గదిలో ఉన్న ఒక్క కుర్చీనీ తెచ్చి అంచు దగ్గర కమ్మీ పక్కన వేశాడు. మా ఆవిడ మోకాళ్ల నొప్పుల సంగతి మేమేమీ చెప్పలేదు. ఆ కుర్చీ నాకిప్పటికీ గుర్తే.

పదకొండింటికి మంచు కదిలింది. పొద్దుట్నుంచీ గాలి అనుకున్న హోరు గాలిది కాదు. మెత్తటి వాలు ఉండాల్సిన చోట నిట్టనిలువుగా ఎర్రటి రాతి గోడ. దాని మీంచి ఒక నది నదంతా దూకి, నేలను చేరకముందే పొగై పోతోంది. మా కాళ్లకంటే కింద గద్దలు తిరుగుతున్నాయి. మేం ముగ్గురం కమ్మీ పట్టుకుని ముందుకు వంగాం. రోజూ చూసే కాపలాదారు కూడా.

"తప్పు," అంది తను. కాపలాదారు వైపు తిరిగింది. "బాబూ, ఈ వైపు ఎవరైనా దిగారా ఎప్పుడైనా?"

"ఇక్కడా? గద్దలు తప్ప ఎవరు దిగుతారమ్మా! ఆ హోరు వింటే గుడ్డివాడైనా ఆగిపోడూ?"

తను కళ్లు తుడుచుకుంది. తర్వాత ఫక్కున నవ్వింది. "ఎంత తప్పండీ! దీన్నా నేను వాలుగా గీసింది!"

సంచిలోంచి పాత పటం, పెన్సిలు తీసింది. "అటు తిరిగి వంగండి."

"అటు తిరిగితే నాకేం కనబడుతుందే?"

"నత్తగుల్ల కనబడుతుంది. కదలకండి, జలపాతం వంకరపోతుంది."

కాపలాదారు నవ్వాడు. నా వీపు మీద పటం పరుచుకుంది. చొక్కా మీదుగా ఒక గీత, దాన్ని ఆనుకుని ఇంకోటి, తర్వాత లెక్క తెలియనంత దగ్గరగా ఎన్నో. పటంలో జలపాతానికి చిన్న గుర్తు చాలు. తను మాత్రం పక్కనున్న ఖాళీలో, నా భుజం దగ్గర పెన్సిలు ఆనించి కిందికి దింపడం మొదలుపెట్టింది. వెనక హోరు. ఎదురుగా బండి అద్దానికి ఆరేసిన మా తువ్వాలు.

నేను కదల్లేదు. ఆ జలపాతం నడుము దాకా చేరడానికి చాలాసేపు పట్టింది.