నిలబడితే నొప్పి లేనట్టే

"క్యూలో ఎంతసేపు నిలబడ్డావు?" అని అడిగాడు ఆసుపత్రిలో గాజు కిటికీ అవతలున్న ఆఫీసరు.

"పొద్దున ఆరింటి నుంచయ్యా. నాలుగు గంటలు," అన్నాడు లారీ మామ. ఎక్కువ చెబితే జాలిపడతాడనుకున్నాడు పాపం.

"నాలుగు గంటలు నిలబడగలిగినవాడికి అంత పెద్ద నొప్పి మాత్రెందుకు?" ఆఫీసరు మామ మందుల కార్డు మీద అడ్డంగా గీత కొట్టాడు. "తర్వాత!"

తర్వాతి మనిషి ఇస్త్రీ అక్క. బట్టల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు ఇస్త్రీ చేసింది గనుక అందరూ అలాగే పిలుస్తారు. బట్టల మూట నడుము మీద పడి రెండేళ్లయింది. అప్పటి నుంచి ఎడమ కాల్లో ఎవరో కాల్చిన తీగ పెట్టి లాగుతున్నట్టే ఉంటుంది. ఆమె కళ్లముందే లారీ మామ గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు. సరుకు దించుతూ తొడ నుజ్జు చేసుకున్న మనిషి. ఏడుపు కనపడకుండా తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏదో ఒకటి అనాలనుకుంది అక్క. నోరు తెరిస్తే తన కార్డూ పోతుంది. ఏడు రోజుల మాత్రలు తీసుకుని, తలొంచుకుని బయటికొచ్చేసింది.

ఆ మాత్రలు మత్తు కోసం సందుల్లో అమ్ముతున్నారనీ, జనం చచ్చిపోతున్నారనీ ప్రభుత్వం కొత్త ఉత్తర్వు తెచ్చింది. డాక్టరు రాస్తే చాలదు, ఆఫీసరు సంతకం కావాలి. రోగి వారం వారం స్వయంగా రావాలి. రాలేకపోతే పేరు కొట్టేస్తారు. వచ్చి నిలబడగలిగితే నొప్పి లేనట్టే.

మాత్ర ఒక్కసారిగా ఆగిపోవడంతో మామకు వణుకు, వాంతులు పట్టుకున్నాయి. అరుపులు వీధి చివరికి వినపడేవి. ఆసుపత్రి డాక్టరమ్మ ఉండబట్టలేక, సంతకం లేకుండానే మాత్రలు తెచ్చి ఇచ్చింది.

"ఆపాలన్నా కొద్దికొద్దిగా తగ్గించాలి. అది వైద్యం. ఇలా ఒక్కసారి లాగేసుకోవడం శిక్ష," అంది ఇస్త్రీ అక్కతో.

మూడో రోజుకల్లా డాక్టరమ్మకు నోటీసు వచ్చింది. మామకు మళ్లీ మాత్రలు ఆగిపోయాయి.

ఇస్త్రీ అక్క చెల్లెలు అదే ఫ్యాక్టరీలో మిషను మీద బట్టలు కుడుతుంది. ఈ ఉత్తర్వు మీద ఏం చేద్దామని ఆదివారం అందరినీ కార్మిక సంఘం గదికి పిలిచింది. ముందు లేచింది బొత్తాలు కుట్టే పిన్ని.

"ఆ మాత్రల కోసమా మన గొడవ? మా తమ్ముడు వాటికి అలవాటుపడే చచ్చిపోయాడు. మర్చిపోయారా?"

పిన్ని అబద్ధమాడటం లేదని ఇస్త్రీ అక్కకూ తెలుసు.

"పిన్నీ, మొదటి మాత్ర నీ తమ్ముడికెవరిచ్చారు?" అని అడిగింది చెల్లెలు.

పిన్ని చీర కొంగు నలిపింది. "సూపర్‌వైజరు. డబుల్ షిఫ్టులో నడుం పట్టేసిందంటే జేబులోంచి తీసిచ్చేవాడు. నీకూ ఇచ్చాడు కదే!"

"మరి వాణ్నెవరైనా కిటికీ ముందు నిలబెట్టారా?"

"పని ఆగకూడదంటే మాత్ర మంచిదే!" వెనక నుంచి మూటలు మోసే మనిషి అరిచాడు. "మనిషి పనికిరాకుండా పోయాకే అది నేరం!"

గదిలో గోల మొదలైంది. "మనకెందుకొచ్చిన తంటా" అన్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు కూడా.

"ఆ మాత్రంటే నాకిప్పటికీ భయమే," అంది పిన్ని చివరికి. "కానీ ఆ మామ అరుపులు వింటూ ముద్ద మింగుడు పడటంలేదే."

సోమవారం రోగులెవరూ క్యూలో నిలబడలేదు. ఆసుపత్రి వసారా పొడుగునా పడుకున్నారు. మామను మంచంతోనే మోసుకొచ్చారు.

"నిలబడితే నొప్పి లేదంటున్నారుగా! ఇదిగో, పడుకున్నాం. డాక్టరు రాస్తే చాలనండి. డాక్టరమ్మ మీద నోటీసు తీసెయ్యండి," అంది ఇస్త్రీ అక్క. గచ్చు చలి కాల్లోకి పాకుతోంది.

ఆఫీసరు కిటికీ మూసేశాడు. పోలీసులొచ్చారు. ముందు వార్డులోంచి డాక్టరమ్మను చెరో రెక్కా పట్టుకుని వ్యాను ఎక్కించారు. తర్వాత రోగుల్ని ఎత్తడం మొదలుపెట్టారు. చంకల కింద చేతులేసి ఎత్తగానే అక్క పెట్టిన కేకకు కానిస్టేబులు బెదిరి వదిలేశాడు. ఇంకొకడొచ్చి ఈడ్చాడు. గేటు బయట రోడ్డు మీద పడేశారు. లేవలేకపోయింది. ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. పక్కన ఎక్కడో మామ, "నా మూలంగానే కదమ్మా ఇదంతా" అని గొణుగుతున్నాడు. ఆ రోజు ఎవరికీ మాత్ర దొరకలేదు.

వ్యాను గేటు దాటబోతుండగా అడుగుల చప్పుడు వినిపించింది. ఫ్యాక్టరీవాళ్లు మిషన్లు ఆపేసి వచ్చారు. జుట్టు నిండా దారపు పోగులతో చెల్లెలు వ్యానుకు అడ్డంగా రోడ్డు మీద అక్క పక్కనే పడుకుంది. ఆ పక్కన పిన్ని. ఆ వెనక మూటలు మోసేవాళ్లు.

"నీకేం నొప్పే? లేచి పో. పని పోతుంది," అంది అక్క ఏడుస్తూ.

"నొప్పి నాదాకా ఇంకా రాలేదులే. కాస్త జరుగు."

వ్యాను హారను కొడుతూనే ఉంది. ఎవరూ లేవలేదు.