ఎనిమిదో జింక

మూషిక జింక పిల్ల పుట్టినప్పుడు గుప్పిట్లో పడుతుంది. కాళ్లు పెన్సిళ్లకన్నా సన్నం. కొమ్ములుండవు, ఎంత పెద్దదయినా మూడు నాలుగు కిలోలు దాటదు. ముంచింగిపుట్టు దారిలో ఉన్న కేంద్రంలో వాటి సంతతి పెంచి అడవిలో వదలడం మావారి పని. ఆయన పశువైద్యుడు. జింకల కంచెకు ఆనుకునే మా క్వార్టరు.

కిందటి వానాకాలంలో ఒక తల్లి తన పిల్లను దగ్గరకు రానివ్వలేదు. "మనిషి చెయ్యి తగలకూడదు. బతికితే బతుకుతుంది," అని చెప్పి మావారు వారం రోజుల శిక్షణకు వెళ్లిపోయారు. ఆ సాయంత్రం జింకల్ని చూసుకునే సుక్రు దాన్ని తువ్వాల్లో చుట్టి మా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈ గుంట రేపటికి ఉండదమ్మగారూ."

సిరంజితో మేకపాలు పట్టాను. ఆయన వచ్చేలోపు మళ్లీ కంచెలోకి పంపేశాం కానీ పాలు మానలేదు. పాలు మరిచాక చిలగడదుంప ముక్కలు. రోజూ సాయంత్రం కంచె దగ్గర నిలబడి స్టీలు గ్లాసు మీద చెంచాతో మూడుసార్లు కొట్టేదాన్ని. మిగతావి బండల కింద దూరిపోయేవి. ఇది ఒక్కటీ పరుగెత్తుకొచ్చేది.

మార్చిలో ఎనిమిదింటిని వదలాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వదిలేముందు పరీక్ష ఉంటుంది. కొత్త మనిషి లోపల నడుస్తాడు. అతన్ని చూసి దాక్కోకపోతే ఆ జంతువు అడవికి పనికిరాదు, పట్నంలో జూకి పోతుంది. అక్కడ అద్దాల గదిలో ఉంచుతారు, పిల్లలు బయటినుంచి అద్దం బాదుతూ ఉంటారు. నేను చూశాను.

పరీక్ష రోజు నేను గ్లాసు ముట్టుకోలేదు. కొత్త మనిషిని చూసి అదీ బండ కింద దూరింది.

"డాక్టరుబాబుకి సెప్పీమంటారేటమ్మా?" అన్నాడు సుక్రు మెల్లగా.

"వద్దు."

ఎనిమిదింటినీ సుక్రు ఊరికి దగ్గర్లో ఉన్న కొండవాలు మీద వదిలారు. మర్నాడే సుక్రు తన ఊరు వెళ్లి, చైత్రంలో ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు బయలుదేరేటప్పుడు ఆ వాలు వైపు పోవద్దని ఇంటింటికీ చెప్పి వచ్చాడు. ఊరు ఆ మాట నిలబెట్టింది.

పండుగ మూడో రోజు పొద్దున్నే సుక్రు గోనెసంచితో వచ్చాడు. సంచిని మెట్ల మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు.

"మావోళ్లు ఆ వాలు మీదకి ఎల్లలేదమ్మా. వొట్టి సేతుల్తో వొచ్చినారు. వొట్టి సేతుల్తో వొత్తే మా ఆడోళ్లు ఊరుకోరు గదా. పేడనీళ్లు జల్లినారు. 'అడవికెల్లి ఆకులు లెక్కెట్టినారేటి? రేపట్నుంచి మీరు సీరలు కట్టుకోండి, విల్లులు, అమ్ములు పట్టుకుని మేం పోతాం' అని ఒకటే ఎగతాళి. స్టీలు కంచాలు గరిటెల్తో కొట్టుకుంటా..."

సంచి మూతి ముడి సవరించాడు. నాకు ముందే అర్థమయింది.

"తుప్పల్లోంచి అదే వొచ్చీసింది. అంతమంది మద్దిలోకి. తల పైకెత్తి నిలబడిపోయింది. మా తమ్ముడు ధర్మ నెత్తిన ఇంకా పేడ కారతానే ఉంది. సేతిలో కర్ర ఉంది. ఏసేసినాడు."

వండుకుని తినేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. మావారికి అప్పజెప్పాలని సుక్రే మోసుకొచ్చాడు. మావారు చర్మం కింది గుర్తింపు చిప్ చూశారు. ఎనిమిదోది. ఆయన ఫోన్ చేసిన గంటన్నరకు అటవీశాఖ జీపు సుక్రు ఊరు వెళ్లి ధర్మను ఎక్కించుకుపోయింది.

మావారు రిపోర్టు రాస్తున్నారు. నేను బల్ల దగ్గర నిలబడ్డాను.

"దాన్ని మచ్చిక చేసింది నేను. చప్పుడుకి వచ్చింది. వాళ్లు వేటాడలేదు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"రోజూ వినపడేది. ఈ కిటికీకి ఆ కంచె ఎంత దూరం?"

"మరి పరీక్ష రోజు ఎందుకు ఊరుకున్నారు?"

"ఎనిమిది కావాలన్నారు. ఇది కాకపోతే ఏడే." కాగితం మీద 'వేటగాళ్ల చేతిలో మృతి' అని రాసి సంతకం పెట్టారు. "నువ్వెందుకు ఊరుకున్నావో నేను అడిగానా?"

వంటింట్లోకి వెళ్లి గ్లాసూ చెంచా చేతిసంచిలో వేసుకున్నాను. సుక్రు ఇంకా మెట్ల మీదే ఉన్నాడు.

"ఏటన్నారమ్మా బాబుగారు?"

"లే. బేగి పద. రేంజ్ ఆఫీసుకి పోదాం."

రేంజరు కుర్చీ వేయించాడు. నేను చెప్పిందంతా మర్యాదగానే విన్నాడు. ధర్మ గోడవారన నేల మీద మోకాళ్లు ముడుచుకుని ఉన్నాడు. జుట్టులో పేడ ఎండిపోయింది.

"ఇది రాసుకుంటే డాక్టరుగారి ఉద్యోగం పోతుంది మేడమ్," అన్నాడు రేంజరు.

"రాసుకోండి."

"చచ్చిన జంతువుకి మచ్చిక ఉండేదని సాక్ష్యం ఏముంది చెప్పండి? వీళ్లందరూ అదే అంటారు, దానంతటదే వచ్చిందని."

గ్లాసు బల్ల మీద పెట్టి చెంచాతో మూడుసార్లు కొట్టాను. మా అందరికంటే ముందు ధర్మ తిరిగి గుమ్మం వైపు చూశాడు.

గుమ్మంలోకి అటెండరు వచ్చాడు.

"టీయా సార్?"

"రెండు తీసుకురా," అన్నాడు రేంజరు. పెన్ను మూత తీయలేదు.