మోకాలెత్తు

"నా విసనకర్ర ఎక్కడ పెట్టావే?" అంది సియేని.

"పక్కనే ఉంది అత్తయ్యా."

"నీకు పక్కన. నాకు చెయ్యి చాపితే అందాలి."

"జానెడు జరిగితే అందుతుంది."

"జరగగలిగితే నిన్నెందుకు పిలుస్తాను, మహాతల్లీ!"

లూపే విసనకర్రను ఇవతలకు జరిపింది. ఆదివారం పొద్దున్నే మొదలైంది గొడవ. అత్తగారికి ఎనభై ఒకటి, తనకు యాభై తొమ్మిది. మొగలి చాప మీది నుంచి ఆవిడను రోజుకు ఆరుసార్లు చంకల కింద చేతులు వేసి లేపాలి.

ఆస్పత్రి నర్సు చెప్పిందని లూపే మొగుడు ఫెరెటి మోకాలెత్తు మంచం తెచ్చి రెండు నెలలైంది. దాని మీద ఉతికిన బట్టలు పడుకుంటున్నాయి. "ఊరి పెద్దలు వచ్చి చాప మీద కూర్చుంటే, నేను వాళ్ల నెత్తిన కూర్చోవాలా? గోడల్లేని ఇల్లు, దారిన పోయేవాళ్లంతా చూస్తారు" అని అత్తగారి పట్టు. సవాయి దీవిలో ఆ మాట ఎవరూ కాదనలేరు.

ఫెరెటి చర్చికి వెళ్లాక ఆవిడను లేపబోయింది లూపే. సగంలో నడుము పట్టేసింది. ఇద్దరూ చాప మీద కూలబడ్డారు. దెబ్బలు తగల్లేదు గానీ ఇద్దరూ లేవలేకపోయారు.

"లేపవే."

"నన్నెవరు లేపుతారు అత్తయ్యా?"

సియేని నవ్వబోయి, కోడలి మొహం చూసి ఊరుకుంది. లూపే ఏడవడం లేదు. ఏడవడానికీ ఓపిక ఉండాలి.

"రేపటి నుంచి నావల్ల కాదు" అంది చివరికి. ఊరంతా చర్చిలోనే ఉంది; ఫెరెటి వచ్చేదాకా గంటసేపు అలాగే ఉన్నారు.

మధ్యాహ్నం ఇంట్లో భోజనాల దగ్గర పెద్దల పంక్తిలో సియేని మరిది సవేఆ కాళ్లు మడిచి కూర్చున్నాడు. ఊరి పెద్దల్లో ఆయనా ఒకడు. లూపే స్తంభానికి ఆనుకుని ఈగలు తోలుతోంది. సవేఆ కొబ్బరిపాల చేమాకు పొట్లం విప్పి, "ఉప్పు తగ్గిందమ్మాయ్" అన్నాడు.

సియేని గొంతు సవరించుకుంది.

"ఫెరెటీ, రేపు తెల్లారగానే ఇంటి స్తంభాల వెంట చుట్టూరా మోకాలెత్తు బల్ల కట్టు."

"మంచం ఉంది కదమ్మా?"

"మంచమెక్కితే నేనొక్కదాన్నే పైన. బల్లయితే అందరం పైనే. మరిదీ, ఇకమీదట ఈ ఇంటికొస్తే నువ్వూ అక్కడే కూర్చోవాలి."

"చాప మన మర్యాద, వదినా..."

"చాపలు బల్ల మీద పరుస్తాం. నీవేమైనా కుర్రవాడి మోకాళ్లా? ఇందాక కూర్చుంటూ దేవుణ్ణి ఎన్నిసార్లు పిలిచావో విన్నాను."

సవేఆ నోట్లో ముద్ద మింగాడు. "వెడల్పుగా కట్టరా" అన్నాడు ఫెరెటితో.

ఈగలు తోలే చెయ్యి ఆగింది. సియేని కోడలి వైపు చూడకుండానే చెప్పింది:

"రేపటి నుంచి ఈ ఇంట్లో నన్ను నేల మీంచి ఎవరూ లేపక్కర్లేదు."