పచ్చికట్టెలో కప్ప

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో శ్యామ్‌సుందర్ గిటార్ల దుకాణం. దుకాణం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఇద్దరు లోపలికొస్తే మూడోవాడు ఊపిరి బయటే పీల్చుకుని రావాలి. అయినా లక్డీకాపూల్ దాకా గిటార్ మెడ వంగిన ప్రతివాడూ అక్కడికే వస్తాడు. వంగినదాన్ని శ్యామ్‌సుందర్ చేత్తో, మెలి తిరిగినదాన్ని మాటతో సరిచేస్తాడని పక్కన చాయ్ కొట్టు వెంకీ అంటుంటాడు.

ఆ మధ్యాహ్నం ఒకమ్మాయి గుడ్డసంచిలో పాత గిటార్ తెచ్చింది. సంచి విప్పకముందే వెంకీ చాయ్ గ్లాసులు పెట్టి, తన స్టూలు తెచ్చుకుని కూర్చున్నాడు.

"కాకా, మేడమ్‌కు కప్ప ముచ్చట చెప్పు జర."

శ్యామ్‌సుందర్‌కు అంతకంటే ఏం కావాలి!

"ఇరవై రెండేండ్ల కింద మా సేఠ్ బతికున్నప్పుడు గీడ నాతోని రామయ్య అని ఒకడు పనిచేస్తుండె బిడ్డా. కట్టె ఎండిందా పచ్చిగున్నదా చూసే ఓపిక లేదు. ముసురుల నానిన కట్టెతోని నెక్కు చెక్కిండు. చెక్కుతుంటే లోపలికెల్లి కప్ప దూకింది! దూకి ఊకున్నదా? ఎగురుకుంట నాంపల్లి స్టేషన్‌కు పోయి రైలెక్కింది. టీసీ టికెట్ అడిగితే రామయ్య పేరు చెప్పిందంట! ఆర్నెల్లకు గా నెక్కు జిలేబీ లెక్క తిరిగింది. సేఠ్ రామయ్యను ఇంటికి పంపిండు."

వందోసారి వింటున్నా వెంకీ పొట్ట పట్టుకుని నవ్వాడు. అమ్మాయి కూడా కాస్త నవ్వి, సంచి విప్పింది.

శ్యామ్‌సుందర్ గిటార్ అందుకుని తల వైపు నుంచి ఒక కన్ను మూసి చూశాడు. నెక్కు ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి. ఆ మెలికను ఆయన ఇంతకుముందు చూశాడు. ముఖంలో నవ్వు చాయ్ కంటే ముందు చల్లారింది.

"నా పేరు హైందవి అండి. ఇక్కడ పనిచేసిన కోదండరామయ్యగారి అమ్మాయిని. దీన్ని మీ చేతే బాగుచేయించమన్నారు నాన్న. నెక్కు మీది పైపట్టీ ఊడదీసేటప్పుడు నన్ను దగ్గరుండి చూడమన్నారు."

వెంకీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

ఆ దుకాణంలో ఒక ఆనవాయితీ ఉండేది. నెక్కు చెక్కినవాడు పైపట్టీ అతికించేముందు, నెక్కు వంగకుండా లోపల ఇనుప కమ్మీ కూర్చునే గాడి పక్కన పెన్సిలుతో తన పేరూ నెలా రాయాలి. పట్టీ అతికాక ఆ రాత ఇంకెవరికీ కనబడదు. మెలి తిరిగిన ఆ గిటార్ వాపసు వచ్చిన రోజున సేఠ్ దాన్ని తెరవలేదు. ఎవరి పని అని మాత్రం అడిగాడు. శ్యామ్‌సుందర్ తన కడుపుకూటి కోసం భయపడి రామయ్య పేరు చెప్పాడు. పొమ్మన్నప్పుడు రామయ్య ఇంకేమీ అడగలేదు, ఆ గిటార్ ఇవ్వమని పట్టుకుపోయాడు. మొదట్లో శ్యామ్‌సుందర్‌కు అన్నం సహించేది కాదు. అందుకే కప్పను పుట్టించాడు. ఏటా అది ఓ బారెడు ఎక్కువ దూకింది. దూకినకొద్దీ ఆయనకే నమ్మకం కుదిరింది.

"తెరిచే పని లేదు బిడ్డా," అన్నాడు. "వేడి పెట్టి క్లాంపులు బిగిస్త. మూడు దినాలల్ల తీరుగైతది."

నాలుగోనాడు క్లాంపులు విప్పితే నెక్కు తిన్నగానే ఉంది. హైందవి తీగలు బిగించమంది. ఆరో తీగ బిగిసేసరికి మెలిక తన చోటికి తాను వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు తెరుస్తారా?"

"మీ నాయిన పనోడే గద. తనే తెరుసుకోకపోయిండా?"

"తెరిస్తే తనే రాసుకున్నాడంటారుగా! అందుకే ముట్టుకోలేదు. ఇక్కణ్ణుంచి పోయాక పచ్చికట్టె రామయ్య అంటూ ఎవరూ పనివ్వలేదండి. కాచిగూడ స్టేషన్ బండ్ల స్టాండులో చీటీలు చింపుతూ పోనీలే అనుకున్నారు. మొన్న బండి పెట్టడానికొచ్చినాయన ఎవరో కప్ప కథ చెప్పి నవ్వాడట. నాన్నా నవ్వారు. ఇంటికొచ్చి అటక మీంచి దీన్ని దింపారు."

శ్యామ్‌సుందర్ ఇస్త్రీ పెట్టె వేడి చేసి పట్టీ మీద ఆనించాడు. సన్నకత్తి దూర్చాడు. పాత జిగురు చిటచిటమని వదిలింది.

గాడి పక్కన పెన్సిలు రాత నిన్న రాసినంత నల్లగా ఉంది: శ్యామ్, జూలై.

వెంకీ మెడ చాచి చదివాడు. హైందవి ఫొటో తీసి నాన్నకు పంపింది. వెంటనే ఫోన్ మోగితే స్పీకర్ పెట్టింది.

"శ్యామూ," అంది ముసలి గొంతు, "నీ కప్ప రైలు దిగిందట్రా?"

శ్యామ్‌సుందర్ కత్తి కింద పెట్టి, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకాడు. అవతల ఫోన్ పెట్టేశారు.

"కొత్త నెక్కు వేసిస్త బిడ్డా. మంచిగ ఎండిన కట్టెతోని. నేనే మీ నాయినకాడికి తెస్త."

"వద్దండి. ఇలాగే తెమ్మన్నారు."

పట్టీని వేరుగా, గిటార్‌ను వేరుగా చుట్టి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

వారం తర్వాత ఒకాయన మెలి తిరిగిన గిటార్ తెచ్చాడు. "నెక్కు గిట్లెందుకైతదన్నా?" అని అడిగాడు. వెంకీ చాయ్ గ్లాసు పెట్టి, తన స్టూలు మీద కూర్చోబోతున్నాడు. శ్యామ్‌సుందర్ అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నాడు.

"ఇదివరకు గీడ రామయ్య అని ఒకడుండె..."

వెంకీ స్టూలు చంకన పెట్టుకుని తన కొట్టుకు వెళ్ళిపోయాడు.