స్కాట్లండ్‌లో చంద్రకాంతమ్మ

మా ఆవిడ చంద్రకాంతమ్మ చనిపోయిన మూడో నెలలో స్కాట్లండ్ వెళ్లింది. ఆ సంగతి నాకు ఆమె తమ్ముడు జయరామ్ నాయుడుపేట నుంచి ఫోన్ చేసి చెప్పాడు.

“బావా, అక్క మెయిల్ పెట్టినాది. సెమినార్‌కని స్కాట్లండ్ పోయిందంట. బ్యాగు పోగొట్టుకుందంట. హోటలోళ్లు కదలనీయడం లేదంట. అర్జెంటుగా దుడ్లు పంపమంటా ఉండాది.”

“మీ అక్క లేదు కదా జయరామ్.”

“అది నాకు తెలీదా? దినాలకు వచ్చినాను గదా. నీకు ఇబ్బందిగా ఉంటే నన్ను నేరుగా అడగొచ్చు బావా. అక్క పేరు వాడుకునేది ఎందుకు?”

ఆ మెయిల్ మా బడిలో అందరికీ వచ్చింది. చిత్తూరులో అదే బడిలో ఆమె లెక్కలు చెప్పేది, నేను ఇంగ్లీషు చెబుతాను. హెడ్‌మాస్టరు ప్రేమానందం గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

“తప్పుగా అనుకోవద్దు సార్. ఈ మాదిరి ఇంగ్లీషు మన మండలంలో మీరు తప్ప ఎవురు రాస్తారు?”

అందులో క్రియాపదాలన్నీ తప్పులే. ఒక వాక్యానికి కర్తే లేదు. నేను రాయలేదనడానికి అవే సాక్ష్యం. కానీ పోయిన భార్య పేరిట జరిగిన మోసంలో వ్యాకరణ దోషాలు చూపించి బయటపడడం నాకు చేతకాలేదు.

నా పేరు ఏమైనా పర్వాలేదు. ఆమె పక్కింట్లో చారెడు చింతపండు కూడా అడిగి ఎరగదు. పిల్లలకు పక్షుల్ని చూపించడానికి పులికాట్ వెళ్లడమే ఆమె చేసిన దూరప్రయాణం. ఆ రోజూ బస్సు మొత్తానికి పులిహోర తనే కట్టింది. అలాంటి మనిషి చేత, పోయిన తర్వాత, ఎవరో చేయి చాపించారు. ఆ మచ్చ పోవాలంటే ఆమె ఖాతా నుంచే అందరికీ నిజం రాయాలి. నేను రాస్తే నమ్మేలా లేరు.

బస్టాండు వెనక బాలాజీ నడిపే ఇంటర్‌నెట్ సెంటరుకు వెళ్లాను. ప్రతి టీచరుకూ మెయిల్ ఉండాలని పైనుంచి ఆదేశం వచ్చినప్పుడు అందరికీ ఖాతాలు తెరిచింది అతనే.

“అందరికీ పాస్‌వర్డు గోవింద అని పెట్టినాను సార్. మరిచిపోకుండా ఉంటారని.”

“అందరికీనా?”

“తిరుపతిలో మా బామ్మర్ది సెంటరు ఉండాది. ఆడ కూడా అదే.” గొంతులో గర్వమేమీ తగ్గలేదు.

దొంగ పాస్‌వర్డు మార్చేశాడు. ఖాతా తిరిగి రావాలంటే తెరమీద కనిపించే ప్రశ్నకు జవాబు చెప్పాలి. పెళ్లయిన టీచరమ్మలందరికీ బాలాజీ ఒకటే ప్రశ్న పెట్టాడట: మీ భర్త పేరేమి?

“ఇదేం కష్టం సార్,” అంటూ మునిరామయ్య అని కొట్టాడు. ఒప్పుకోలేదు. ఇంటిపేరు చేర్చి కొట్టాడు. ఒప్పుకోలేదు.

“ఆ పొద్దు నేను అడిగితే టీచరమ్మ చెప్పలేదు సార్. నన్ను అవతలకి పొమ్మని తనే కొట్టింది. ఇంకొక తూరి తప్పితే రేపటిదాకా తెరవనీదు.”

ఆమె నా పేరు పలికేది కాదు. ఓటర్ల జాబితావాళ్లు వచ్చి అడిగితే గేటుకున్న బోర్డు చూపించేది. రోజూ అంతమంది పిల్లల పేర్లు హాజరు పిలిచిన నోరది.

“ఇంట్లో ఏమని పిలిచేది సార్?”

“పిలిచేది కాదు. వచ్చి ఎదురుగా నిలబడేది.”

“బయటోళ్లతో?”

“మా సారు అనేది.”

బాలాజీ అదే కొట్టాడు. ఖాతా తెరుచుకుంది.

లోపల ఆమెకు జవాబులు వచ్చి ఉన్నాయి. ‘మేడం, నా పీఎఫ్ లోను ఇంకా రాలేదు, వచ్చే నెల చూస్తాను, మీ ప్రయాణం శుభప్రదం కావాలి’ అని ప్రేమానందం గారు. పెద్దకర్మ రోజు పాయసం రెండోసారి వేయించుకున్న మనిషి. ‘అక్కా, ప్లాటు అమ్ముడుపోతే పంపుతాను, బావకు మాత్రం చెప్పొద్దు’ అని జయరామ్. ఎవరూ నువ్వు లేవు కదా అనలేదు. దుడ్లు లేవన్నారు.

గూడూరు నుంచి పల్లవి అనే పాత విద్యార్థిని మాత్రం ఇలా రాసింది: ‘టీచర్, మీరు లేరని తెలుసు. మీ పేరు కనబడితే తెరవకుండా ఉండలేకపోయాను.’

నేను అందరికీ ఒకటే రాశాను. ‘చంద్రకాంతమ్మ స్కాట్లండ్ వెళ్లలేదు. ఎవరినీ ఏమీ అడగలేదు. మీ ఇబ్బందులు త్వరగా తీరాలని కోరుకుంటున్నాను.’ కింద నా పేరు పెట్టాను. పల్లవికి విడిగా రాద్దామని కూర్చుని, ఆమె రాసిందే మళ్లీ చదివాను.

“పాస్‌వర్డు మార్చినాను సార్,” అన్నాడు బాలాజీ. “గోవింద పక్కన ఒకటి వేసినాను. ఇంగ ఎవురూ కనిపెట్టలేరు. ఆ ప్రశ్న కూడా మార్చేద్దామా?”

“వద్దబ్బా,” అన్నాను. “అది అట్లే ఉండనీ.”